ఆ ఖర్చు ఎవరు కడుతున్నారు? సర్కారు కుర్చీలో ప్రొఫెసర్ ఆల్‌ఫ్రెడ్ కాన్

1977 జూన్‌లో అమెరికా విమాన సంస్థల మీద పెత్తనం చేసే సివిల్ ఏరోనాటిక్స్ బోర్డుకు కొత్త ఛైర్మన్‌గా ఆల్‌ఫ్రెడ్ కాన్ వచ్చారు. కుర్చీలో కూర్చున్న కొద్ది రోజులకే సిబ్బందికి ఒక మెమో పంపారు. అందులో విమానాల ఊసు లేదు. మీరు రాసే ఆర్డర్లు, ఉత్తరాలు మనుషులు మాట్లాడుకునే భాషలో ఉండాలి, రాసింది ఒకసారి పైకి చదువుకోండి, మీ స్నేహితులు వింటే ఏమనుకుంటారో ఊహించుకోండి అని దాని సారాంశం. సర్కారు రాతల్లో కర్త కనిపించని వాక్యాలు మితిమీరిపోయాయని, సంగతి దాచడానికే వాటిని వాడతారని ఆయన ఫిర్యాదు. దానికి ఇచ్చిన ఉదాహరణ తెలుగులో చెప్పుకుంటే ఇంకా బాగా పట్టుబడుతుంది. ‘నేను అతన్ని రాయితో కొట్టాను’ అని రాస్తే జైలుకు పోవచ్చు. ‘అతనికి రాయి తగిలింది’ అని రాస్తే ఆ భయం తక్కువ.

ఆ మెమో పత్రికలకెక్కింది. బోస్టన్ పత్రికలో ఒక కాలమిస్టు, ఈయనకు పెళ్లయిందని తెలిసినా సరే, లేచిపోదాం రమ్మంటూ రాసింది. ఒక ప్రసిద్ధ ఇంగ్లిష్ నిఘంటువు వాళ్లు పదప్రయోగాల మీద సలహా ఇచ్చే తమ బృందంలో చేర్చుకున్నారు. ఆర్థికశాస్త్రం చెప్పుకునే ప్రొఫెసర్‌కు ఇంత పేరు రావడం అరుదే.

ఆల్‌ఫ్రెడ్ కాన్ పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది ‘విమానయానంలో నియంత్రణలు ఎత్తేసిన మనిషి’ అన్న ఒక్క మాటే. ఆ మాట తప్పు కాదు గానీ, అది పట్టుకుని ఆయన్ని అర్థం చేసుకోబోతే దారి తప్పుతాం. ఆయన ఎక్కడ కూర్చున్నా అడిగింది ఒకే ప్రశ్న. ఈ పనికి అయ్యే ఖర్చు ఎంత, అది ఎవరి జేబులోంచి పోతోంది? ఆ రాయి విసిరిందెవరు అని అడగడం లాంటిదే ఇదీ. ఆ ప్రశ్న ఒక చోట నియంత్రణను గట్టిపరిచింది, ఇంకో చోట ఏకంగా ఆఫీసునే మూయించింది, మూడో చోట ఎందుకూ కొరగాకుండా పోయింది. మనిషి అదే, చదువు అదే. ఫలితాలు మాత్రం మూడు రకాలు. ఎందుకిలా అన్నది చూద్దాం.

కాన్ 1917లో న్యూజెర్సీలోని ప్యాటర్సన్‌లో పుట్టారు. తల్లిదండ్రులు రష్యా నుంచి వలస వచ్చిన యూదులు. 18 ఏళ్లకే న్యూయార్క్ యూనివర్సిటీలో డిగ్రీ అయింది, 1942లో యేల్‌లో డాక్టరేట్. 1947లో కార్నెల్ యూనివర్సిటీలో చేరి, మధ్యలో సర్కారు కొలువులకు వెళ్లినా మళ్లీ మళ్లీ అక్కడికే తిరిగొచ్చారు. 1970, 71లలో నియంత్రణల ఆర్థికశాస్త్రం మీద రెండు సంపుటాల పుస్తకం వేశారు. ఆ రంగంలో పనిచేసేవాళ్లంతా బల్ల మీద పెట్టుకునే పుస్తకమైంది అది. నియంత్రణలు పీకి పారేయండి అని అందులో ఎక్కడా లేదు. ఎక్కడ పోటీ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు, చేయని చోట ధర ఎలా కట్టాలి అన్నదే అందులోని గొడవంతా.

ఆ పుస్తకానికి ఇరుసు లాంటి ఆలోచన ఒకటుంది. పాఠ్యపుస్తకాల్లో దాన్ని ఉపాంత వ్యయం అంటారు. పేరు చూసి బెదరక్కర్లేదు. ఇంకొక్క యూనిట్ తయారు చేయడానికి, ఇంకొక్క మనిషికి సేవ అందించడానికి అదనంగా పడే ఖర్చు, అంతే. ధర దాన్ని బట్టి ఉండాలన్నది కాన్ పట్టుదల. అప్పటి పద్ధతి వేరు. అమెరికాలో కరెంటు, ఫోను, గ్యాసు చాలావరకు ప్రైవేటు కంపెనీలవే. ఒక ఊరికి ఒకే కంపెనీ కాబట్టి పోటీ ఉండేది కాదు. అందుకని రాష్ట్ర కమిషన్ ధర కట్టేది. కంపెనీ పెట్టిన ఖర్చులన్నీ కూడి, పెట్టుబడి మీద న్యాయమైన లాభం కలిపి, వచ్చిన మొత్తాన్ని వాడకందారుల మీద సర్దేది. కూడికలు, భాగహారాలు సరిపోతే కమిషన్ పని అయిపోయినట్టే.

1974లో కాన్ న్యూయార్క్ రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఛైర్మన్ అయ్యారు. చమురు సంక్షోభం తర్వాతి రోజులు. కరెంటు బిల్లులు చూసి జనం మండిపడుతున్నారు. సర్దుబాట్లతో నెట్టుకురావడం ఆ స్థితిలో తేలిక. ఆయన వేరే చోట వేలు పెట్టారు.

ఎండాకాలం మధ్యాహ్నం రెండు గంటలు అనుకోండి. అందరూ ఏసీలు వేస్తారు. ఆ కొన్ని గంటల గిరాకీని తట్టుకోవాలంటే కంపెనీ అదనంగా ప్లాంటు కట్టి ఉంచుకోవాలి, మూలన పడి ఉన్న పాత యంత్రాలను కూడా నడపాలి. అర్ధరాత్రి అదే యూనిట్ చవగ్గా తయారవుతుంది. కానీ బిల్లులో రెండింటికీ ధర ఒకటే. అంటే ఏసీ లేని ఇంటివాళ్లు, తమకు తెలియకుండానే, ఏసీ ఉన్న ఇళ్ల కోసం కట్టిన ప్లాంటుకు డబ్బు కడుతున్నారు. ఈ మాట విన్నాక సగటు ధర అనేది న్యాయంగా కనిపించడం మానేస్తుంది, నాకైతే మానేసింది. రోజులో ఏ వేళ వాడారో, ఏ కాలంలో వాడారో చూసి ధర మారాలని కాన్ కమిషన్ కంపెనీలను ఆ దారి పట్టించింది. అదే రాష్ట్రంలోని లాంగ్ ఐలాండ్‌లో పెద్ద వాడకందారులకు వేళను బట్టి ధరలు అప్పుడే వచ్చాయి.

ఫోన్ల విషయంలో ఇంకా చిన్న సంగతి, కానీ నాకు ఎక్కువ నచ్చేది. అప్పట్లో ఫోన్ నంబర్ తెలియకపోతే ఆపరేటర్‌ను అడిగేవాళ్లు. ఆ సేవ ఉచితం. ఉచితం అంటే ఎవరూ కట్టనిది అని కాదు కదా. ఆపరేటర్ల జీతాలు అందరి బిల్లుల్లోనూ కలిసిపోయేవి. డైరెక్టరీ తిరగేసి నంబర్ వెతుక్కునేవాడూ, రోజూ పదిసార్లు అడిగేవాడూ ఒకటే కట్టేవారు. పరిమితి దాటి అడిగితే చిన్న చార్జీ, అడగనివాళ్లకు బిల్లులో కొంత తగ్గింపు అని కమిషన్ మార్చింది. ఆ కాల్స్ గట్టిగా పడిపోయాయి. సిద్ధాంతం కాగితం దిగి బిల్లులోకి వచ్చినప్పుడు అది ఎంత మామూలుగా ఉంటుందో దీన్ని చూస్తే తెలుస్తుంది.

న్యూయార్క్‌లో ఆయన ఏ నియంత్రణా ఎత్తేయలేదన్నది గుర్తుంచుకోవాలి. కరెంటు తీగలు ఊరికి రెండు జతలు వేయలేం కాబట్టి అక్కడ నియంత్రణ ఉండి తీరాలి. ఆయన చేసింది దాన్ని ఇంకాస్త తెలివిగా నడపడం.

విమానాల సంగతి అలాంటిది కాదు.

1938 చట్టంతో మొదలైన వ్యవస్థలో ఏ సంస్థ ఏ ఊరి నుంచి ఏ ఊరికి నడపాలో, టికెట్ ఎంతుండాలో బోర్డే తేల్చేది. పసికందు లాంటి పరిశ్రమను కాపాడాలన్నది మొదటి ఉద్దేశం. కానీ ఆ కాపాడటం నలభై ఏళ్లయినా ఆగలేదు. 1950 నుంచి 1974 దాకా దేశవ్యాప్త రూట్ల కోసం కొత్త సంస్థలు 79 దరఖాస్తులు పెట్టుకుంటే బోర్డు ఒక్కదానికీ ఊ కొట్టలేదు. చార్జీ తగ్గించి పోటీ పడే వీల్లేకపోవడంతో సంస్థలు వేరే దారులు వెతికాయి. ఎక్కువ సర్వీసులు, మంచి భోజనాలు, పెద్ద విమానాల్లో లాంజ్‌లు. ఒక సంస్థ ఏకంగా విమానంలో పియానో పెట్టింది. 1970ల మొదట్లో దాదాపు సగం సీట్లు ఖాళీగా ఎగిరేవి. ఆ ఖాళీ సీట్ల ఖర్చూ, పియానో ఖర్చూ టికెట్ కొన్నవాళ్ల మీదే పడేవి. టికెట్ కొనలేనివాళ్లు ఆ ఖాళీ సీట్లోకి రాలేకపోయేవాళ్లు.

ఇదంతా తప్పనిసరి కాదని చూపించడానికి సాక్ష్యం దేశంలోనే ఉంది. ఒకే రాష్ట్రం లోపల తిరిగే విమానాల మీద బోర్డుకు అధికారం లేదు. కాలిఫోర్నియాలో లాస్ ఏంజలెస్, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య పీఎస్ఏ అనే సంస్థ నడిపేది. దాదాపు అంతే దూరమున్న బోస్టన్–వాషింగ్టన్ చార్జీలో సగమే అక్కడి టికెట్. టెక్సస్‌లో 1971 నుంచి సౌత్‌వెస్ట్ అనే సంస్థ అదే పని చేస్తూ వచ్చింది. మైకేల్ లెవీన్ అనే యువకుడు 1965లోనే యేల్ లా జర్నల్‌లో ఈ తేడాను ఎత్తిచూపాడు. 1974, 75ల్లో సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ దీని మీద విచారణలు పెట్టించారు. వాటిని నడిపించిన హార్వర్డ్ న్యాయశాస్త్ర ప్రొఫెసర్ స్టీఫెన్ బ్రేయర్ తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయ్యారు. మేమెప్పుడూ విమానం ఎక్కలేదు, మీరెందుకు విమానాల మీద విచారణ చేస్తున్నారని ఒకాయన అడిగితే, అందుకే చేస్తున్నానని కెన్నెడీ బదులిచ్చినట్టు బ్రేయర్ చెప్పుకునేవారు.

కాబట్టి మొత్తం ఘనత కాన్‌కే కట్టబెట్టడం సరికాదు. కాన్ కంటే ముందు ఛైర్మన్‌గా ఉన్న జాన్ రాబ్సన్ కూడా తలుపులు కొంత తెరిచారు. నేల దున్ని ఉంది, విత్తనం కూడా పడింది. కాన్ వచ్చేసరికి నీళ్లు పెట్టే మనిషి కావలసి వచ్చింది.

ప్రెసిడెంట్ జిమ్మీ కార్టర్ పిలిస్తే వచ్చిన ఆయనకు రోజూ బల్ల మీదికి ఎలాంటి ఫైళ్లు వచ్చేవో ఒక ప్రసంగంలో స్వయంగా చెప్పారు. ఫ్లోరిడా నుంచి ఈశాన్య రాష్ట్రాలకు ఫలానా సంస్థ గుర్రాలు తీసుకెళ్లొచ్చా? మంచు మీద స్కీయింగ్‌కు వెళ్లేవాళ్లకు ప్రత్యేక చార్జీ పెట్టి, అక్కడ మంచు పడకపోతే డబ్బు వాపసు ఇవ్వొచ్చా? ఒకే యాజమాన్యం కింద ఉన్న రెండు సంస్థల ఉద్యోగులు ఒకేలాంటి యూనిఫాం వేసుకోవచ్చా? వీటిలో ప్రతిదానికీ అర్జీ, వాదన, ఆర్డరు. మా అమ్మ నన్ను పెంచింది ఇందుకేనా అని రోజూ అనుకుంటున్నానన్నారు ఆయన. ఆ ప్రశ్నలన్నీ నిజానికి ఆ కంపెనీలు, వాటి కస్టమర్లు తేల్చుకోవలసినవి. వాషింగ్టన్‌లో ఒక ప్రొఫెసర్ సంతకం వాటికి ఎందుకు?

ఆయనకు విమానాల మీద మోజు కూడా లేదు. ఒక విమాన సంస్థ అధికారితో, నాకు ఒక విమానానికీ ఇంకోదానికీ తేడా తెలియదు, నా కంటికి అవి రెక్కలున్న ఉపాంత వ్యయాలు అన్నారు. ఎలాగూ ఎగరబోతున్న విమానంలో ఖాళీ సీట్లో ఇంకొకరిని కూర్చోబెడితే పడే అదనపు ఖర్చు బహు తక్కువ. అలాంటప్పుడు తక్కువకు అమ్మనివ్వకపోవడం ఏం లెక్క?

ఇక్కడే ఆయన పనితనం చూడాలి. చట్టం మార్చే అధికారం కాంగ్రెస్‌ది. ఛైర్మన్‌కు ఉన్నది పాత చట్టం కింద ఆర్డర్లు ఇచ్చే అధికారం మాత్రమే. ఆ ఆర్డర్లనే పనిముట్టు చేసుకున్నారు. తగ్గింపు చార్జీలకు వరసగా అనుమతులిచ్చారు. ఒక రూటు కోసం నలుగురు అర్జీ పెడితే పాత బోర్డు ఏళ్ల తరబడి వాదనలు విని ఒకరిని ఎంచేది. కొత్త బోర్డు అర్హత ఉన్నవాళ్లందరికీ అనుమతి ఇచ్చి, నడపడం నడపకపోవడం వాళ్ల ఇష్టానికి వదిలింది. తనకు తోడుగా మనుషులను తెచ్చుకున్నారు. 1965లో ఆ వ్యాసం రాసిన లెవీన్ ఇప్పుడు బోర్డులో చార్జీల విభాగం చూసుకునే అధికారి. కెన్నెడీ దగ్గర పనిచేసిన ఫిల్ బేక్స్ న్యాయ విభాగానికి వచ్చారు. ప్రిన్స్‌టన్ నుంచి ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ పొందిన మొదటి మహిళ ఎలిజబెత్ బెయిలీ బోర్డు సభ్యురాలయ్యారు.

మొదట్లో కాన్ నెమ్మదిగా, అంచెలంచెలుగా వెళ్దామనే అనుకున్నారు. కొన్ని నెలలు కుర్చీలో కూర్చున్నాక మనసు మార్చుకున్నారు. కొంత కట్టేసి కొంత వదిలితే కొత్త చిక్కులు పుడతాయి. ముందు ఎవరిని వదలాలి, ఏ రూటు వదలాలి అన్న ప్రతి నిర్ణయమూ ఎవరో ఒకరికి లాభం, ఇంకొకరికి నష్టం. యూనివర్సిటీలో కూర్చుని ఈ మాట తెలుసుకోవడం కష్టం. అందుకే గుడ్లన్నీ కొట్టి బాగా గిలక్కొట్టేయాలి, తర్వాత వచ్చేవాడు వేరుచేయాలన్నా చేయలేకుండా ఉండాలి అనేవారు. 1978లో చార్జీలు తగ్గాయి, జనం ఎగబడ్డారు, సంస్థలకు లాభాలూ వచ్చాయి. యునైటెడ్ అనే పెద్ద విమాన సంస్థ అప్పటికే సంస్కరణ పక్షాన ఉంది. పోటీ వస్తే మునిగిపోతామన్న మిగతా సంస్థల వాదనకు బలం తగ్గిపోయింది. ఆ ఏడాది అక్టోబర్ 24న కార్టర్ చట్టం మీద సంతకం చేశారు. రూట్ల మీద బోర్డు అధికారం 1981 చివరికి, చార్జీల మీద అధికారం 1983 మొదటికి, బోర్డే 1984 చివరికి పోవాలని అందులో తేదీలు వేసి మరీ రాశారు. అలాగే పోయాయి.

తరచూ గజిబిజి అయ్యే విషయం ఒకటి ఇక్కడే విప్పుకోవాలి. ఎత్తేసింది చార్జీల మీద, రూట్ల మీద ఉన్న కట్టడిని. భద్రత అప్పటికే వేరే సంస్థ చేతిలో, ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ చేతిలో ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇదేదో వ్యాపారవర్గాల పార్టీ చేసిన పని అనుకోవడం కూడా పొరపాటే. కాన్, కార్టర్, కెన్నెడీ ముగ్గురూ డెమోక్రాట్లే. స్వేచ్ఛా మార్కెట్‌కు పెద్ద గొంతుకైన రిపబ్లికన్ సెనేటర్ బ్యారీ గోల్డ్‌వాటర్ విమానాల్లో రద్దీ పెరిగిపోయిందని కాన్‌కు ఫిర్యాదు రాశారు. మార్కెట్ మీద మీకు అనుమానాలొస్తే సెనేటర్ గోల్డ్‌వాటర్ పాత ప్రసంగాలు చదవండని కాన్ జవాబిచ్చారు.

అదే అక్టోబర్‌లో కార్టర్ ఆయన్ని ఇంకో పనికి తీసుకెళ్లారు. ద్రవ్యోల్బణం మీద ప్రెసిడెంట్‌కు సలహాదారు, జీతాలు ధరల స్థిరత్వ మండలికి అధ్యక్షుడు. ఇక్కడ పరిస్థితి తిరగబడింది. వడ్డీ రేట్లు సెంట్రల్ బ్యాంకు చేతిలో, బడ్జెట్ కాంగ్రెస్ చేతిలో, చమురు ధర పరాయి దేశాల చేతిలో. ఆయన చేతిలో ఉన్నది జీతాల పెంపు 7 శాతం దాటనివ్వకండి అన్న విన్నపం, అది కూడా స్వచ్ఛందంగా పాటించమని. 1979లో ధరలు 11 శాతం పైగా పెరిగాయి. 1980లో 13.5 శాతం. సూటిగా మాట్లాడే అలవాటు కూడా ఎదురు తిరిగింది. ద్రవ్యోల్బణం అదుపు కాకపోతే ఘోరమైన మాంద్యం వస్తుందని బహిరంగంగా అన్నందుకు వైట్‌హౌస్ గుర్రుమంది. సరే, ఆ మాట వాడను, దాన్ని అరటిపండు అంటాను అన్నారు. అరటిపండ్ల కంపెనీ నుంచి నిరసన వస్తే కమ్‌క్వాట్ అనే చిన్న నారింజ రకం పేరుకు మారారు. జనం నవ్వుకున్నారు, ధరలు మాత్రం దిగలేదు. విమానాల బోర్డులో ఆర్డరు ఇచ్చి మర్నాడు ఫలితం చూడగలిగిన మనిషికి ఇక్కడ తిప్పడానికి ఒక్క మీట కూడా దొరకలేదు. 1980లో ఆ పదవి వదిలి కార్నెల్‌కు వెళ్లిపోయారు.

ప్రొఫెసర్లు అధికారంలోకి వస్తే ఏమవుతుందన్న చర్చ వచ్చినప్పుడల్లా ఆ మనిషి తెలివిని, నిజాయితీని తూస్తారు. కాన్ మూడు కుర్చీలూ పక్కపక్కన పెట్టి చూస్తే, అంతకంటే ముందు ఆ కుర్చీకి ఏ అధికారం ఉందో చూడాలనిపిస్తుంది.

తర్వాత జరిగినదాంట్లో మంచీ ఉంది, చేదూ ఉంది. ద్రవ్యోల్బణాన్ని తీసేసి చూస్తే చార్జీలు బాగా దిగాయి, మామూలు జీతగాళ్లు విమానం ఎక్కారు. ఇంకోవైపు పాత విమాన సంస్థల్లో బ్రానిఫ్ 1982లో, ఈస్టర్న్, పాన్ ఆమ్ 1991లో మూతపడ్డాయి. ఉద్యోగాలు పోయాయి, జీతాలు కోతపడ్డాయి. అది చిన్న నష్టం కాదు, దాన్ని సర్దుబాటు అని పిలిచి పక్కన పెట్టేయడం నాకు ఇష్టం లేదు. బోర్డులో పనిచేసిన లెవీన్, బేక్స్ తర్వాత విమాన సంస్థల్లోనే పెద్ద పదవులకు వెళ్లారు. నియంత్రించినవాళ్లే అటు వెళ్లడం సబబా అన్న విమర్శ న్యాయమైనదే. 1986లో టీడబ్ల్యూఏ–ఓజార్క్, నార్త్‌వెస్ట్–రిపబ్లిక్ విమాన సంస్థల విలీనాలకు రవాణా శాఖ సరేనంది. పోటీని నమ్ముకుని కట్టడి తీసేశాక ఆ పోటీని కాపాడే గుత్తాధిపత్య నిరోధక చట్టాలను నిద్రపుచ్చడమేమిటని కాన్ బాహాటంగా తప్పుపట్టారు. ఈ రోజు అమెరికా దేశీయ ప్రయాణికుల్లో అత్యధికులను మోసేది నాలుగే సంస్థలు. ఆయన 2010 డిసెంబర్‌లో, 93 ఏళ్ల వయసులో చనిపోయేదాకా తాను చేసింది సరైనదేనని, దాని తర్వాత చేయాల్సింది సర్కారు చేయలేదని చెబుతూనే ఉన్నారు.

చిన్న ఊళ్ల మాటేమిటన్నది అప్పట్లో అందరికంటే గట్టిగా వినిపించిన ప్రశ్న. పాత పద్ధతిలో లాభాల రూట్ల మీద వచ్చిన డబ్బుతో నష్టాల రూట్లు నడుస్తాయని చెప్పేవాళ్లు. పెద్ద ఊరి ప్రయాణికుడు తన టికెట్‌లో ఎవరి కోసం ఎంత కడుతున్నాడో ఎక్కడా రాసి ఉండేది కాదు. ఫలానా ఊరికి విమానం కావాలని సమాజం అనుకుంటే ఆ డబ్బు ఖజానా నుంచి, అందరి కళ్ల ముందు ఇవ్వాలన్నది కాన్ వాదన. 1978 చట్టంలోనే అందుకు సబ్సిడీ పథకం పెట్టారు, పదేళ్లకని. అది ఇప్పటికీ నడుస్తోంది. ఏ ఊరికి, ఏ సంస్థకు, ఏడాదికి ఎన్ని డాలర్లు ఇస్తున్నారో రవాణా శాఖ కాగితాల్లో ఎవరైనా చూసుకోవచ్చు.